గుండె ఆపరేషన్ తర్వాత జలుబు



మా మాస్టారు గుండె ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. తర్వాత ఊపిరితిత్తుల వైద్యం వైపు వెళ్ళాను గానీ, గుండె ఆపరేషన్ అయినవాళ్ళ ఛాతీ చూడడమే ఇప్పటికీ నా పనిలో పెద్ద భాగం. మత్తు డాక్టరు పని థియేటర్లో మొదలై ఐసీయూలో అయిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆయన అలా అనుకోలేదు. ఆపరేషన్ అయిన ఆరు వారాలకూ మూడు నెలలకూ చూపించుకోవడానికి వచ్చేవాళ్ళ ఓపీలో వచ్చి కూర్చునేవారు. అక్కడ ఆయన ఎక్కువగా విన్న ఫిర్యాదు గుండె నొప్పి కాదు. "ఆపరేషన్ అయినకాడి నుంచి మాటిమాటికీ జలుబు చేస్తోందండీ. ఒకసారి పట్టిందంటే వదలడం లేదు" అనే మాట.

ఎకో బాగుంది, కుట్లు మానాయి, వెళ్ళి రండి అని పంపేయడం తేలిక. ఆయన కలం పక్కన పెట్టి అడిగేవారు. దగ్గు పడుకుంటే ఎక్కువా, నడిస్తే ఎక్కువా? కఫం ఏ రంగులో పడుతోంది? ఇంట్లో ఇంకెవరికి జలుబుంది? కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టారు? సాయంత్రానికి చెప్పులు బిగుతవుతున్నాయా? ఆ ప్రశ్నలు ఎందుకు అడిగేవారో విప్పి చెప్పాలని ఈ సభలో ఈ విషయం ఎంచుకున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బైపాస్ అయినా, కవాటం మార్చినా, పెద్దవాళ్ళలో ఆపరేషన్ వల్ల రోగనిరోధక శక్తి శాశ్వతంగా పడిపోదు. మొదటి కొన్ని వారాలు మాత్రం ఛాతీ నిజంగానే బలహీనంగా ఉంటుంది. ఆ తర్వాత జలుబు అందరికీ వచ్చినట్టే వస్తుంది. కాకపోతే అది గుండె జబ్బు మనిషిని మిగతావాళ్ళకంటే ఎక్కువ కుదిపేస్తుంది. మన ఇళ్ళలో భయమంతా తలస్నానం మీదా, పెరుగు మీదా, ఫ్యాను గాలి మీదా పెట్టుకున్నాం. నిజంగా కాపాడేవి వేరే ఉన్నాయి, వాటిని వదిలేస్తున్నాం.

ఆపరేషన్ గుండెకు కదా, ఊపిరితిత్తులకేమైంది అని అడుగుతారు. దానికి జవాబు ఆపరేషన్లో వాడే యంత్రం దగ్గర మొదలవుతుంది. 1931లో బోస్టన్‌లో జాన్ గిబ్బన్ అనే యువ సర్జన్, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడ్డ ఒకామె మంచం పక్కన రాత్రంతా కూర్చున్నాడు. ఆమె నల్లబడిన రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ పట్టించి, మళ్ళీ లోపలికి పంపగలిగితే బతికించుకోవచ్చు కదా అన్న ఆలోచన ఆయనకు అక్కడే పుట్టింది. అది యంత్రంగా పనికొచ్చేసరికి ఇరవై రెండేళ్ళు పట్టింది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి గుండెలోని రంధ్రాన్ని ఆ యంత్రం సాయంతో మూశాడు. మన థియేటర్లలో హార్ట్-లంగ్ మెషీన్ అనేది దాని సంతతే. గుండె పనీ ఊపిరితిత్తుల పనీ రెండూ అదే చేస్తుంది కాబట్టి, అది తిరుగుతున్నంతసేపూ ఊపిరితిత్తులకు పని ఉండదు. గాలి ఆడక ముడుచుకుపోయి ఉంటాయి.

ముడుచుకున్నవి మళ్ళీ తెరుచుకోవడంలోనే వస్తుంది చిక్కు. ఊపిరితిత్తుల చివర ఉండే గాలిగదులు చాలా పల్చటివి. తడిసిన పాలిథిన్ సంచి లోపలి గోడలు ఒకదానికొకటి అంటుకున్నట్టు అవి అంటుకుపోతాయి. వెంటిలేటర్ మళ్ళీ గాలి పంపినా అన్నీ విచ్చుకోవు. అందులోనూ ఎడమ ఊపిరితిత్తి కింది భాగం మొండిది. గుండె దాని మీదే ఒరిగి ఉంటుంది. గుండెను చల్లబరచడానికి ఛాతీలో ఐసు వేసే పద్ధతిలో, ఉదరవితానాన్ని కదిలించే నరం ఆ చలికి దెబ్బతిని, ఎడమవైపు ఉదరవితానం కొన్నాళ్ళు సరిగా కదలకపోవడమూ ఉంది. బైపాస్ కోసం రొమ్ము ఎముక వెనక ఉండే ధమనిని విడదీసి తీసుకునేటప్పుడు ఊపిరితిత్తి పొర తెరుచుకుంటుంది, తర్వాత అక్కడ నీరు చేరుతుంది. ఆపరేషన్ అయిన మర్నాడు తీసిన ఎక్స్-రేలో ఎడమ కింది మూల తెల్లగా కనిపించడం మాకు దాదాపు రోజూ ఉండేదే. దాన్ని చూసి ఇంటివాళ్ళు బెదిరిపోనక్కర్లేదు. గాలి అందని చోట కఫం నిలుస్తుంది, నిలిచిన కఫంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అక్కడిదాకా పోనివ్వకుండా చూసుకుంటే చాలు.

యంత్రం చేసే పని ఇంకొకటుంది. రక్తం శరీరం బయట ప్లాస్టిక్ గొట్టాల్లో తిరిగేసరికి, ఒంట్లోకి శత్రువేదో వచ్చినట్టు శరీరం తిరగబడుతుంది. ఒళ్ళంతా వాపు స్వభావం వస్తుంది. ఆ ఉద్రేకం చల్లారాక కొన్నాళ్ళు రక్షక కణాలు, ముఖ్యంగా టి లింఫోసైట్లు, తగ్గి ఉంటాయి. మామూలుగా సాగే కేసుల్లో ఇది రోజుల లెక్కలోనే సర్దుకుంటుంది. షుగరు అదుపులో లేనివాళ్ళకు, రక్తం ఎక్కువ ఎక్కించాల్సి వచ్చినవాళ్ళకు, తిండి సరిగా తినక నీరసించినవాళ్ళకు ఆలస్యమవుతుంది. మన దేశంలో బైపాస్‌లు చాలావరకు యంత్రం లేకుండా, కొట్టుకుంటున్న గుండె మీదే చేస్తున్నారు. అప్పుడు ఈ రెండు బాధలూ తగ్గుతాయి. మత్తు, గొంతులో గొట్టం, కోసిన ఎముక మాత్రం ఎలాగూ తప్పవు.

గొంతులోని గొట్టం గురించి ఒక మాట. మన శ్వాసనాళాల లోపలి గోడ మీద కంటికి కనిపించనంత సన్నటి వెంట్రుకలు ఎప్పుడూ కదులుతూ, దుమ్మునూ క్రిములనూ కఫంతో కలిపి గొంతు వైపు నెడుతుంటాయి. మత్తుమందులు, పొడి ఆక్సిజన్, గొట్టం రాపిడి కలిసి వాటి కదలికను మందగింపజేస్తాయి. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవాళ్ళలో అవి ఆపరేషన్‌కు ముందే సగం చచ్చి ఉంటాయి. ఉత్తర కోస్తాలో అడ్డచుట్ట తాగే ఆడవాళ్ళను మాస్టారు ప్రత్యేకంగా కూర్చోబెట్టి, ఆపరేషన్ తేదీ ఖరారయ్యేలోపే మాన్పించడానికి బతిమాలేవారు. కోప్పడడం ఆయనకు రాదు, బతిమాలడమే వచ్చు. వెంట్రుకలు పని చేయనప్పుడు కఫాన్ని బయటికి తేవడానికి మిగిలేది దగ్గు ఒక్కటే. ఆ దగ్గే ఆ రోజుల్లో అన్నిటికంటే కష్టం.

మూడో రోజు వార్డులో ఏం జరుగుతుందో చూడండి. రొమ్ము ఎముకను నిలువునా కోసి, స్టీలు తీగలతో మళ్ళీ బిగించి ఉంటారు. అది అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు. పెద్దాయన మంచం మీద వెనక్కి వాలి, పెదాలు బిగబట్టి, పైపైన చిన్న చిన్న ఊపిర్లు తీస్తుంటాడు. మొదటి రోజుల్లో ఊపిరితిత్తులు పీల్చుకోగల గాలి మామూలులో దాదాపు సగానికి పడిపోతుంది. గొంతులో గరగర వినిపిస్తుంటుంది. దగ్గొస్తే మింగేస్తాడు. "కుట్లు తెగిపోతాయేమోనమ్మా" అంటాడు. పక్కనున్న భార్య కూడా "దగ్గమాకండి, దగ్గమాకండి" అని ఆయన నోటికి చెయ్యి అడ్డం పెడుతుంది. ఫిజియోథెరపీ అమ్మాయి ఆయన్ని లేపి కూర్చోబెట్టి, కాళ్ళు కిందికి వేలాడేయించి, దిండు ఒకటి ఛాతీకి ఆనించి రెండు చేతులతో గట్టిగా హత్తుకోమంటుంది. వీపు మీద తన అరచెయ్యి ఆనిస్తుంది. ముక్కుతో నిదానంగా గాలి పీల్చి, ఒక్క క్షణం పట్టి, నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి ఊదేప్పుడు అన్నట్టు "హా" అని గట్టిగా వదలమంటుంది. రెండుసార్లు అలా ఊదాక కఫం పైకి కదులుతుంది, అప్పుడు ఒకే ఒక్క దగ్గు. పసుపుపచ్చగా ముద్దలాంటిది గిన్నెలో పడుతుంది. పెద్దాయన ముఖం చెమటతో తడిసిపోతుంది గానీ, ఆ తర్వాత తీసే ఊపిరి లోపలిదాకా వెళుతుంది. వేలికి తగిలించిన ఆక్సిజన్ మీటరు మీద అంకె పైకి కదలడం ఆయన కూడా చూస్తాడు. దిండు హత్తుకుని దగ్గితే తీగలు తెగవు. తెరలు తెరలుగా ఆగకుండా వచ్చే దగ్గు మాత్రం ఎముకకు మంచిది కాదు, దానికి మందు వాడాలి. ఛాతీ మధ్యలో ఎముక టిక్కుమని కదులుతున్నట్టు అనిపించినా, గాయం నుంచి రసి కారినా వెంటనే సర్జనుకు చెప్పాలి.

నొప్పి మాత్రలు ఇవ్వడంలో పిసినారితనం చేసే వార్డుల్లో నిమోనియా ఎక్కువని మాస్టారు అనేవారు. ఆయన దగ్గర లెక్కలు లేవు గానీ, ఆ మాటలో తర్కం ఉంది. నొప్పి తగ్గనివాడు దగ్గడు, నడవడు, గట్టిగా ఊపిరి తీయడు.

మూడు బంతుల పరికరం మీ అందరి ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. చాలామంది దాని మీదే భారం వేస్తారు. బైపాస్ తర్వాత దాని వల్ల ఊపిరితిత్తుల ఇబ్బందులు తగ్గుతాయా అని పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షకు, తగ్గుతాయనడానికి ఆధారం దొరకలేదు. పారేయమని నేననను. గుర్తు చేయడానికి పనికొస్తుంది. దాన్ని పీల్చేసి, లేచి నడవడం మానేస్తే మాత్రం నష్టమే. ఆపరేషన్‌కు ముందు చేసే సాధనకు ఇంతకంటే గట్టి ఆధారం ఉంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో జరిగి 2006లో ప్రచురితమైన పరిశోధనలో, ఛాతీ ఇబ్బందుల ముప్పు ఎక్కువున్న 279 మందిని తీసుకుని, సగం మందితో బైపాస్‌కు కనీసం రెండు వారాల ముందు నుంచి రోజూ ఇరవై నిమిషాలు, గాలి పీల్చే కండరాలకు బరువు కల్పించే వ్యాయామం చేయించారు. చేయని గుంపులో నూటికి 35 మందికి ఊపిరితిత్తుల ఇబ్బందులు వస్తే, చేసిన గుంపులో 18 మందికే వచ్చాయి. మన దగ్గర ఆపరేషన్‌కు అనుమతి కోసం, డబ్బు కోసం, వంతు కోసం ఎలాగూ రోజులు గడుస్తాయి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక గుండె ఆపరేషన్ పేదవాడికి అందింది. అనుమతి వచ్చేదాకా ఇంట్లో దిగులుగా కూర్చునే ఆ రోజుల్లో ఊపిరి సాధన నేర్పే ఏర్పాటు మాత్రం ఇంకా చాలాచోట్ల లేదు.

నోటి శుభ్రం కూడా ముందు నుంచే చూసుకోవాల్సిన సంగతి. నిమోనియా తెచ్చే సూక్ష్మజీవులు చాలావరకు మన నోట్లోంచే, గొట్టం వెంబడి కిందికి జారతాయి. 1996లో అమెరికాలో 353 మంది గుండె ఆపరేషన్ రోగుల మీద జరిగిన పరిశోధనలో, క్లోర్‌హెక్సిడిన్ మందుతో నోరు పుక్కిలింపజేసినవాళ్ళలో శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు 69 శాతం తగ్గాయి. తర్వాతి పరిశోధనల్లో అంత పెద్ద ఫలితం కనిపించలేదు, మిగతా ఐసీయూ రోగుల్లో దాని మేలు మీద అనుమానాలూ వచ్చాయి. అయినా పుచ్చిన పళ్ళు, చీము పట్టిన చిగుళ్ళు ఆపరేషన్‌కు ముందే బాగు చేయించుకోవాలన్నదాంట్లో రెండో మాట లేదు. కవాటం మార్చేవాళ్ళకైతే ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం.

ఇక ఇంటికి వెళ్దాం. డిశ్చార్జ్ అయి ఇంటికి చేరిన వారంలోనే మన ఇళ్ళు నిండిపోతాయి. పరామర్శకు రాకపోతే మాట వస్తుంది. ఊళ్ళోవాళ్ళు, వియ్యాలవారు, ఆఫీసువాళ్ళు, పక్కింటివాళ్ళు వస్తారు. మంచం మీదే ఒకరు కూర్చుంటారు, చెయ్యి పట్టుకుంటారు, దగ్గరగా వంగి మాట్లాడతారు. ముక్కు కారుతున్న మనవణ్ణి తెచ్చి "తాతయ్యకు ముద్దు పెట్టు నాన్నా" అంటారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను, ఆ ప్రేమతోనే మనవాళ్ళు కోలుకుంటారు. కానీ జలుబు వైరస్ చన్నీళ్ళలో ఉండదు, మనుషుల ముక్కుల్లో, చేతుల్లో ఉంటుంది. అదే ఇంట్లో "పచ్చి ఒళ్ళు" అని చెప్పి పెరుగు మానిపిస్తారు, పళ్ళు మానిపిస్తారు, తలుపులన్నీ బిగించి, దోమల చుట్ట వెలిగించి, సాంబ్రాణి పొగ వేస్తారు. గాలాడని గది, పొగ, వచ్చిపోయే జనం — మానుతున్న ఛాతీకి ఇంతకంటే చెరుపు లేదు. ఆ మనిషికి కావలసింది పప్పు, గుడ్డు, పెరుగు లాంటి మాంసకృత్తుల తిండి, తెరిచిన కిటికీ, రోజూ కొంచెం కొంచెంగా పెంచుకునే నడక. డాక్టరు గాయం తడపొచ్చు అన్నాక గోరువెచ్చటి నీళ్ళతో తలస్నానం చేసినా ఏమీ కాదు.

పరామర్శకు వచ్చేవారిని రావద్దనడం కష్టం. కోవిడ్ రోజుల్లో గుమ్మం బయట నిలబడి పలకరించి వెళ్ళడం మనమంతా నేర్చుకున్నాం, ఎవరికీ మర్యాద తగ్గలేదు. మొదటి ఆరు వారాలు ఆ పద్ధతి పాటిద్దాం. జలుబున్నవాళ్ళు ఫోనులో పలకరిద్దాం. ఇంట్లో ఉండేవాళ్ళకే జలుబు చేస్తే మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని దగ్గరికి వెళ్దాం. మిరియాల పాలు, శొంఠి కషాయం తాగితే గొంతుకు హాయి, అడ్డు చెప్పను. రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టరు చెప్పినవాళ్ళు దాన్ని కూడా ఆ లెక్కలోనే వేసుకోవాలి.

మందుల షాపు సంగతి మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. "జలుబు మాత్ర ఇవ్వండి" అంటే ఇచ్చే చాలా మాత్రల్లో ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ లాంటి మందు ఉంటుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది, బీపీ పెంచగలదు. ఒళ్ళు నొప్పులకని ఇచ్చే డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ బైపాస్ అయినవాళ్ళకు ప్రమాదం. ఇబుప్రొఫెన్ ఆస్పిరిన్ పనికి కూడా అడ్డుపడుతుంది. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ చాలు. కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళు రక్తం పల్చబడడానికి ఎసిట్రోమ్ లేదా వార్ఫరిన్ వేసుకుంటుంటారు. జలుబుకు అక్కర్లేని యాంటీబయాటిక్ ఒక కోర్సు వాడితే, అది ఏ రకమో బట్టి, ఆ మందు ప్రభావం ఒక్కసారిగా పెరిగి చిగుళ్ళ నుంచి, మూత్రంలో, ఒక్కోసారి మెదడులో రక్తం పోవచ్చు. అత్యవసరమై వాడితే కొద్ది రోజుల్లోనే, రక్తం ఎంత పల్చబడిందో చూసే పీటీ-ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకోవాలి. జలుబు వైరస్ వల్ల వచ్చేది, యాంటీబయాటిక్ దాన్నేమీ చేయలేదు.

మాస్టారి ప్రశ్నల్లో సగం, అసలిది జలుబేనా అని తేల్చుకోవడానికి. పడుకుంటే దగ్గొచ్చి, లేచి కూర్చుంటే తగ్గితే, రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగితే, కాళ్ళు వాచి చెప్పులు బిగుతయితే — అది గుండె పంపలేకపోతున్న నీరు ఊపిరితిత్తుల్లో చేరడం, లేదా పొరల మధ్య నీరు పట్టడం. దాన్ని జలుబు అనుకుని సిరప్ తాగుతూ ఇంట్లో కూర్చుంటే మనిషి దక్కడు. కఫం లేకుండా, గొంతులో గరికపోచ అడ్డుపడ్డట్టు రాత్రీ పగలూ పొడి దగ్గు వస్తుంటే, మందుల చీటీలో రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి పేరు ఉందేమో చూడాలి. ఈ తరగతి మందుల దగ్గు ఆసియా వాళ్ళలో ఎక్కువ. డాక్టరు దాన్ని మార్చి టెల్మిసార్టాన్ లాంటిది ఇస్తే కొన్ని వారాల్లో ఆ దగ్గు పోతుంది. ఎవరికి వాళ్ళు ఆపేయకూడదు. "నెలల తరబడి జలుబు" అని వచ్చినవాళ్ళలో ఇలా మాత్ర మార్చగానే తేరుకున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను. జ్వరంతో పాటు, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి ఆపరేషన్ తర్వాతి వారాల్లో వస్తే, గుండె పొర వాపు కావచ్చు. దానికి వైద్యం వేరు.

కవాటం మార్చుకున్నవారికి మరో మాట. జ్వరం మూడు రోజులకు మించితే, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ వేయించుకోకుండా ముందు ఆసుపత్రికి రండి. రక్తం కల్చర్‌కు తీశాకే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. కొత్త కవాటానికి క్రిములు పట్టి ఉంటే, రెండు మూడు రోజుల అరకొర మందుతో జ్వరం దాక్కుంటుంది, కల్చర్‌లో ఏమీ కనబడదు, లోపల క్రిములు మాత్రం కవాటాన్ని తినేస్తూనే ఉంటాయి. చిన్నప్పటి కీళ్ళవాతం వల్ల కవాటం చెడిపోయి మార్చినవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళ జబ్బు మొదలైందే గొంతు నొప్పితో, స్ట్రెప్టోకాకస్ అనే క్రిమితో. కొత్త కవాటం పడింది కదా అని మూడు వారాలకోసారి వేసుకునే పెనిడ్యూర్ సూది మానేస్తారు. మార్చిన కవాటం ఒకటి, మిగతావి సొంతవే. మళ్ళీ కీళ్ళవాతం వస్తే అవీ పోతాయి. డాక్టరు ఆపమనేదాకా, కొందరికి జీవితాంతం, ఆ సూది వేసుకోవాల్సిందే. సూది నొప్పి నిజమే. పెళ్ళికెదిగిన ఆడపిల్ల ఇరవై ఒక్క రోజులకోసారి పీహెచ్‌సీకి వెళ్ళాలంటే నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకూ నిజమే. ఆ జంకు వల్ల రెండో ఆపరేషన్‌కు వచ్చిన అమ్మాయిల ముఖాలు నాకు గుర్తున్నాయి.

ఇంతవరకు ఆపరేషన్ తర్వాత జాగ్రత్తల గురించి చెప్పాను. పసిపిల్లల విషయంలో లెక్క తిరగబడుతుంది. గుండె కింది గదుల మధ్య పెద్ద రంధ్రంతో పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువగా పోతుంది. ఎప్పుడూ ఎగశ్వాస, నెలకోసారి నెమ్ము, పాలు తాగలేకపోవడం, బరువు పెరగకపోవడం. ఊళ్ళో "ఈ బిడ్డకు నెమ్ము గుణం" అని ఊరుకుంటారు. రంధ్రం మూశాక ఆ నెమ్ము తగ్గిపోతుంది. కాబట్టి జలుబు భయంతో పిల్లల ఆపరేషన్ ఏళ్ళ తరబడి వాయిదా వేయకండి. జలుబు ఉన్న రోజుల్లో మాత్రం మత్తు డాక్టరే కొన్ని వారాలు ఆపుతారు, అది వేరు.

పసిపిల్లల్లో భయపడాల్సిన వైరస్ ఆర్‌ఎస్‌వీ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు చాలావరకు మామూలు రొంపలా వచ్చిపోతుంది. 1982లో వచ్చిన ఒక అధ్యయనంలో, పుట్టుకతో గుండె జబ్బు ఉండి ఈ వైరస్‌తో ఆసుపత్రిలో చేరిన పసివాళ్ళలో నూటికి 37 మంది చనిపోయారు. ఇప్పుడు వైద్యం మెరుగై అంత ఘోరం లేదు. పాలివిజుమాబ్ అనే నివారణ సూదితో ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం 45 శాతం తగ్గిందని 1,287 మంది పిల్లల మీద జరిగిన పరిశోధన 2003లో చెప్పింది. హార్ట్-లంగ్ మెషీన్ మీద ఆపరేషన్ అయ్యేసరికి రక్తంలో ఆ మందు సగటున 58 శాతం పడిపోతుందని కూడా అదే చెప్పింది, అందుకే ఆపరేషన్ తర్వాత ఇంకో డోసు ఇస్తారు. దాని ఖరీదు మన కుటుంబాల్లో చాలామందికి అందదు. తల్లి పాలు, వేళకు టీకాలు, చేతులు కడుక్కోవడం, జలుబున్న పెద్దవాళ్ళు బిడ్డను ఎత్తుకోకపోవడం — ఇవి అందరికీ అందుతాయి. ఇంకో సంగతి తల్లిదండ్రులకు తెలియాలి. పసివాళ్ళ ఛాతీలో గుండె మీద కప్పుకుని థైమస్ అనే గ్రంథి ఉంటుంది. టి కణాలు తయారయ్యేది అక్కడే. గుండె దగ్గరికి వెళ్ళడానికి సర్జన్ దాన్ని కొంత, ఒక్కోసారి మొత్తం తీసేయాల్సి వస్తుంది. ఆ పిల్లల్లో కొత్త టి కణాలు ఏళ్ళ తర్వాత కూడా తక్కువగా ఉంటాయని పరిశోధనలు చూపించాయి. ఎక్కువమంది మామూలుగానే పెరుగుతారు. అయినా ఈ వివరం ఫైలులో రాసి ఉండాలి, పిల్లవాడు పెద్దయ్యాక డాక్టరుకు చెప్పుకోగలగాలి.

గుండె మార్పిడి అయినవారి సంగతి పూర్తిగా వేరు. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో మొదటి గుండె మార్పిడి చేసిన పనంగిపల్లి వేణుగోపాల్ గారు మన రాజమండ్రిలో పుట్టినవారు. కొత్త గుండెను శరీరం తిప్పికొట్టకుండా జీవితాంతం రోగనిరోధక శక్తిని మందులతో అణచి ఉంచాలి. వాళ్ళ విషయంలో ఏ జలుబూ చిన్నది కాదు, అదే రోజు ఫోను చేయాలి.

ఇప్పుడు టీకా. పడిశం పది రోగాల పెట్టు అన్నది మన పెద్దల మాట. ఫ్లూ విషయంలో దానికి ఇప్పుడు లెక్క కూడా ఉంది. ఫ్లూ అని ల్యాబులో ఖాయమైన తర్వాతి ఏడు రోజుల్లో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు పెరుగుతుందని 2018లో కెనడాలోని ఒంటారియో పరిశోధకులు చూపించారు. గుండెపోటుతో చేరినవాళ్ళు ఎక్కువగా ఉన్న 2,571 మంది రోగుల్లో సగం మందికి ఆసుపత్రిలోనే ఫ్లూ టీకా వేసి చూశారు. ఎనిమిది దేశాల్లో జరిగింది, మన పొరుగున బంగ్లాదేశ్ కూడా అందులో ఉంది. ఏడాదిలో మరణం, మళ్ళీ గుండెపోటు, స్టెంట్ మూసుకుపోవడం — మూడూ కలిపి టీకా లేనివాళ్ళలో 7.2 శాతం, వేయించుకున్నవాళ్ళలో 5.3 శాతం. ఇది 2021 నాటి ఫలితం. గుండె బలహీనపడ్డ 5,129 మంది మీద జరిగిన ఇంకో పరిశోధనలో మన దేశమూ ఉంది. అందులో ముందుగా ఎంచుకున్న ప్రధాన ఫలితంలో టీకా గట్టి తేడా చూపలేకపోయింది, నిమోనియా మాత్రం స్పష్టంగా తగ్గింది. మన దేశంలో చాలా నగరాల్లో ఫ్లూ వానాకాలంలో విజృంభిస్తుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఏటా ఒకసారి ఫ్లూ టీకా, వయసునూ జబ్బునూ బట్టి నిమోనియా టీకా — మీ డాక్టరును అడిగి వేయించుకోండి. స్టెంట్‌కు, బైపాస్‌కు లక్షలు పెట్టిన కుటుంబానికి, ఆ ఆపరేషన్ చేసిన డాక్టరే ఈ టీకా గురించి చెప్పకపోవడం నన్ను బాధిస్తుంది. ఎందుకు చెప్పరో నాకు తెలుసు. ఓపీలో మనిషికి దొరికేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాలు ఎకో రిపోర్టుకే సరిపోతాయి.

అందుకే సభలో ఉన్న ఆసుపత్రుల వారిని ఒక పని అడుగుతున్నాను. డిశ్చార్జ్ సమ్మరీ మన దగ్గర ఇంగ్లిషులో ఉంటుంది, ఆఖరి పేజీ అడుగున, అవసరమైతే రమ్మనడానికి, "రివ్యూ ఎస్‌ఓఎస్" అని ఉంటుంది. ఇంటివాళ్ళు దాన్ని ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచుకుంటారు, అందులో ఏముందో ఒక్కరికీ తెలియదు. దానికి ఒక తెలుగు పేజీ జోడించండి, పెద్ద అక్షరాలతో. దిండుతో దగ్గే బొమ్మ, వేసుకోకూడని మాత్రల పేర్లు, రోజూ రాసుకోవడానికి బరువు పట్టిక, ఫ్లూ టీకా నెల, ఏ లక్షణం వస్తే ఏ నంబరుకు ఫోను చేయాలో, ఆ ఫోను రాత్రి పూట ఎవరు ఎత్తుతారో. మేము కొందరం కలిసి ముసాయిదా ఒకటి తయారుచేశాం. ప్రతులు బయట బల్ల మీద ఉన్నాయి. తీసుకెళ్ళి చదివి, తప్పులుంటే దిద్ది పంపండి. ముఖ్యంగా వార్డు సిస్టర్లు, ఫిజియోథెరపిస్టులు చూడాలి. రోగి ఏ మాట అర్థం చేసుకుంటాడో, ఏ మాటకు తల ఊపి ఊరుకుంటాడో మాకంటే మీకు బాగా తెలుసు.